థిన్ ఫిల్మ్ సౌర ఫలకానికి వర్ణపట ప్రతిస్పందన వివరాలను వెతికి, సరిచూసుకునే విధానం

హనుమకొండలో ఒక డాబా మీద బిగించిన థిన్ ఫిల్మ్ సౌర ఫలకాలు ఏ నెలలో ఎంత విద్యుత్తు ఇస్తాయో లెక్కగట్టాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థికి మొదట్లోనే ఒక అడ్డంకి ఎదురవుతుంది. ఫలకం వెనుక అతికించిన చీటీ మీద వాటేజీ, వోల్టేజీ, కరెంటు ఉంటాయి. కంపెనీ ఇచ్చే డేటాషీటులో ఉష్ణోగ్రత గుణకాలు కూడా ఉంటాయి. కానీ ఏ తరంగదైర్ఘ్యం వద్ద ఒక వాట్ కాంతికి ఆ ఫలకం ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చెప్పే వక్రరేఖ మాత్రం దాదాపుగా ఉండదు. ఆ వక్రరేఖనే వర్ణపట ప్రతిస్పందన, అంటే స్పెక్ట్రల్ రెస్పాన్స్, అంటారు. స్ఫటిక సిలికాన్ విషయంలో ఇది పెద్ద కష్టం కాదు, ఎందుకంటే ఒక మంచి సిలికాన్ సెల్ వక్రరేఖకూ మరొకదానికీ తేడా తక్కువ. థిన్ ఫిల్మ్‌లో అలా కుదరదు. అమార్ఫస్ సిలికాన్, కాడ్మియం టెల్యురైడ్, సిఐజిఎస్ (రాగి, ఇండియం, గాలియం, సెలీనియంల సమ్మేళనం) అనే మూడింటికీ మూడు వేర్వేరు వక్రరేఖలు ఉండటమే కాకుండా, ఒకే పేరు గల పదార్థంలో కూడా తయారీ తరం మారితే వక్రరేఖ మారిపోతుంది. అందువల్ల ఈ వ్యాసంలో వెతకడం గురించి ఎంత చెబుతానో, దొరికినది మన ఫలకానిదేనా అని నిర్ధారించుకోవడం గురించి అంతకంటే ఎక్కువగా చెబుతాను.

వెతకడానికి ముందు మనకు కావలసినది ఏమిటో స్పష్టంగా తెలిసి ఉండాలి. చూడటానికి ఒకేలా కనిపించే గ్రాఫులు నాలుగు రకాలు ఉంటాయి. మొదటిది వాట్‌కు ఎన్ని ఆంపియర్లో చూపే అసలైన వర్ణపట ప్రతిస్పందన. రెండవది దానినే గరిష్ఠ విలువ 1 అయ్యేలా కుదించి గీసిన సాపేక్ష వక్రరేఖ. మూడవది బాహ్య క్వాంటమ్ సామర్థ్యం, అంటే ఫలకం మీద పడిన వంద ఫోటాన్లలో ఎన్ని ఎలక్ట్రాన్లుగా బయటికి వచ్చాయన్న లెక్క. నాలుగవది అంతర క్వాంటమ్ సామర్థ్యం; ఇందులో పరావర్తనమై పోయిన కాంతిని ముందే తీసివేస్తారు గనుక మన అవసరానికి ఇది నేరుగా పనికిరాదు. పరిశోధన పత్రాలలో ఎక్కువగా దొరికేది మూడవ రకం. దానిని మొదటి రకంలోకి మార్చడం సులభం: క్వాంటమ్ సామర్థ్యాన్ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో గుణించి 1240తో భాగించాలి. 500 నానోమీటర్ల వద్ద సామర్థ్యం 0.85 అయితే ప్రతిస్పందన వాట్‌కు 0.343 ఆంపియర్లు, అదే 0.85 సామర్థ్యం 800 నానోమీటర్ల వద్ద ఉంటే 0.548 ఆంపియర్లు. అంటే సామర్థ్యపు గ్రాఫు సమతలంగా ఉన్నచోట ప్రతిస్పందన గ్రాఫు కుడివైపుకు ఎక్కుతూ పోతుంది. ఈ మార్పిడి చేయకుండా సామర్థ్యపు అంకెలనే ప్రతిస్పందనగా వాడిన ప్రాజెక్టు నివేదికలను నేను చాలా చూశాను. వాటిలో నీలికాంతికి లేని ప్రాధాన్యం వస్తుంది, ఆపై వచ్చే ఫలితాలన్నీ ఒకే దిశలో పక్కకు జరుగుతాయి.

తరువాత ఫలకం దగ్గరకు వెళ్లి చీటీని ఫోటో తీసుకోండి. మోడల్ సంఖ్య, తయారైన సంవత్సరం, షార్ట్ సర్క్యూట్ కరెంటు, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ, ఫలకం కొలతలు, ఈ ఐదూ తప్పనిసరిగా కావాలి. వీలైతే వరుసగా కలిపిన సెల్‌ల సంఖ్యను కూడా లెక్కపెట్టండి. థిన్ ఫిల్మ్ ఫలకంలో సెల్‌లు గాజు మీదనే లేజరుతో గీసిన సన్నని పట్టీలు. వెలుతురులో ఓపికగా చూస్తే ఆ గీతలు కనిపిస్తాయి. కొన్ని ఫలకాలలో ఈ పట్టీలను రెండు సమాంతర వరుసలుగా కలుపుతారు గనుక గీతల లెక్క ఒక్కటే సరిపోదు. కాడ్మియం టెల్యురైడ్ అయితే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీని వరుసలోని సెల్‌ల సంఖ్యతో భాగించినప్పుడు ఒక్కో సెల్‌కు సుమారు 0.8 వోల్టులు రావాలి. గీతలను బట్టి లెక్కపెట్టిన మొత్తం సెల్‌లతో భాగిస్తే 0.4 వచ్చిందంటే సమాంతర వరుసలు రెండున్నాయని అర్థం. ఈ అంకెలన్నీ చివరి సరిచూతలో అక్కరకు వస్తాయి.

పదార్థాన్ని బట్టి వక్రరేఖ ఎక్కడ ముగియాలో మనసులో పెట్టుకుంటే వెతుకులాట చాలా తేలికవుతుంది. 1240ని ఎలక్ట్రాన్ వోల్టులలో ఉన్న శక్తి అంతరంతో (బ్యాండ్ గ్యాప్, అంటే ఆ పదార్థంలో కరెంటు పుట్టించడానికి ఫోటానుకు ఉండవలసిన కనీస శక్తి) భాగిస్తే ఆ ముగింపు తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వస్తుంది. అమార్ఫస్ సిలికాన్‌కు శక్తి అంతరం దాదాపు 1.7 నుండి 1.8, కాబట్టి 700 దాటిన కొద్దిసేపటికే వక్రరేఖ నేలకు దిగుతుంది. కాడ్మియం టెల్యురైడ్‌కు దాదాపు 1.45, అంటే 850 నానోమీటర్ల ప్రాంతం. సిఐజిఎస్‌లో గాలియం పాలును బట్టి అంతరం మారుతుంది. మార్కెట్టులోకి వచ్చిన ఫలకాలు సాధారణంగా 1.1 నుండి 1.2 మధ్య ఉంటాయి గనుక దాదాపు 1,030 నుండి 1,130 వరకు స్పందిస్తాయి.

కాడ్మియం టెల్యురైడ్ గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు మన వైపు కనిపించే థిన్ ఫిల్మ్ ఎక్కువగా ఇదే కాగలదు. ఫస్ట్ సోలార్ సంస్థ చెన్నై సమీపంలో 3.3 గిగావాట్ల కర్మాగారాన్ని 2024 జనవరిలో ప్రారంభించింది. పాత తరం సెల్‌లలో కాంతి ముందుగా కాడ్మియం సల్ఫైడ్ పొరను దాటవలసి ఉండేది. ఆ పొర శక్తి అంతరం దాదాపు 2.42, అందువల్ల 510 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలను అది చాలా వరకు తానే మింగేసేది, ఆ కాంతి నుండి కరెంటు తక్కువగా వచ్చేది. కొత్త తరంలో ఆ పొరను తొలగించి, శోషక పొరలో సెలీనియం కలిపారు. దానితో నీలి వైపు లోయ పూడుకుంది, ఎరుపు వైపు అంచు 850 నుండి 900 దరిదాపులకు జరిగింది. అంటే రెండు చివరలూ మారాయి. పాఠ్యపుస్తకంలో కాడ్మియం టెల్యురైడ్ అని రాసి ఉన్న బొమ్మ చాలాసార్లు ఆ పాత తరానిదే. నేను కూడా ఒకసారి అటువంటి పాత వక్రరేఖనే కొత్త ఫలకానికి వాడి, ఒక విద్యార్థి చేత నెల రోజుల లెక్కలు చేయించాను. ఆ అమ్మాయి చివర్లో కరెంటు సాంద్రత పోల్చి చూసి, "సార్, చీటీ మీద ఉన్న కరెంటుకూ మనకు వచ్చినదానికీ ఐదింట ఒక వంతు తేడా ఉంది" అని చెప్పింది. తప్పు ఆమె లెక్కలో లేదు, నేను ఇచ్చిన వక్రరేఖలో ఉంది. అప్పటి నుండి ఆ పోలికను చివరన కాకుండా మొదటే చేయిస్తున్నాను.

ఎక్కడ వెతకాలి

మొదట తయారీదారునే అడగండి. డేటాషీటులో లేనంత మాత్రాన వారి దగ్గర లేదని కాదు. ఐఇసి (అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక ప్రమాణాల సంస్థ) 61853 ప్రమాణం రెండవ భాగం ప్రకారం పరీక్షించిన ప్రతి ఫలకానికీ వర్ణపట ప్రతిస్పందనను కొలిచి తీరాలి; కొలిచే పద్ధతిని ఐఇసి 60904 ప్రమాణం ఎనిమిదవ భాగం చెబుతుంది. కాబట్టి ఉత్తరం రాసేటప్పుడు "స్పెక్ట్రల్ రెస్పాన్స్ పంపండి" అని మాత్రమే రాయకుండా, ఫలానా మోడల్‌కు 61853 రెండవ భాగం పరీక్ష నివేదిక ఉందా, అందులోని ప్రతిస్పందన అంకెల పట్టికను విద్యా ప్రయోజనం కోసం ఇవ్వగలరా అని అడగండి. కళాశాల ఈమెయిలు నుండి, మార్గదర్శకుడి పేరుతో, మోడల్ సంఖ్య స్పష్టంగా చూపుతూ రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఫలకాలను బిగించిన కాంట్రాక్టరు దగ్గర కూడా ఒక్కోసారి ఈ నివేదిక ఉంటుంది, అడగడం మరవవద్దు.

రెండవ చోటు పరిశోధన సాహిత్యం. ఇక్కడ వెతికే పదమే ముఖ్యం. స్పెక్ట్రల్ రెస్పాన్స్ అన్న మాటతో వెతికితే ఉపగ్రహ కెమెరాల నుండి కాంతిమాపకాల వరకు అన్నీ వచ్చి పడతాయి. ఎక్స్‌టర్నల్ క్వాంటమ్ ఎఫిషియెన్సీ అన్న మాటకు పదార్థం పేరు, మాడ్యూల్ అన్న మాట జోడిస్తే ఫలితాలు దారికి వస్తాయి. స్పెక్ట్రల్ మిస్‌మ్యాచ్ (అసలు ఎండ వర్ణపటం ప్రామాణిక వర్ణపటానికి భిన్నంగా ఉన్నందువల్ల ఫలకం కరెంటులో వచ్చే తేడా) అన్న అంశం మీద రాసిన పత్రాలు ఇంకా మంచివి, ఎందుకంటే వాటి రచయితలు మనలాగే ఆ వక్రరేఖను వాడుకోవడానికే సంపాదించి ఉంటారు. ప్రోగ్రెస్ ఇన్ ఫోటోవోల్టాయిక్స్ పత్రికలో మార్టిన్ గ్రీన్ బృందం 1993 నుండి ప్రచురిస్తున్న సౌర సెల్ సామర్థ్య పట్టికలలో కొత్తగా చేరిన రికార్డులకు క్వాంటమ్ సామర్థ్యపు గ్రాఫులు ఉంటాయి. వాటిని నమ్మవచ్చు, కానీ అవి ఎక్కువగా ఒక చదరపు సెంటీమీటరు స్థాయి ప్రయోగశాల సెల్‌లవి. ఉదాహరణకు ఆ పట్టికలలో చాలాకాలం నిలిచిన 22.1 శాతం కాడ్మియం టెల్యురైడ్ సెల్ కరెంటు సాంద్రత చదరపు సెంటీమీటరుకు 31.69 మిల్లీఆంపియర్లు. డాబా మీది ఫలకం అంత ఇవ్వదు. ముందున్న గాజు, పారదర్శక వాహక పొర, లేజరు గీతల దగ్గర పోయే చోటు, ఇవన్నీ తమ వాటా తీసుకుంటాయి.

మన దేశపు పరిశోధన సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. థిన్ ఫిల్మ్ సెల్‌ల మీద తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో చాలా కాలంగా పని జరిగింది. హైదరాబాదులోని ఆర్కి (ఏఆర్‌సిఐ) అనే పదార్థాల పరిశోధన సంస్థలో సౌరశక్తి పదార్థాల మీద ప్రత్యేక కేంద్రమే ఉంది. ఇటువంటి గ్రంథాల అనుబంధాలలో కొలత పద్ధతి పూసగుచ్చినట్టు రాసి ఉంటుంది గనుక అది నేర్చుకోవడానికి ఇవి అమూల్యమైనవి. అయితే వాటిలోని వక్రరేఖ ఆ ప్రయోగశాలలో తయారైన సెల్‌కే చెందుతుంది.

మూడవ చోటు అంకెలను నేరుగా పంచుకునే భాండాగారాలు. జెనోడోలో పత్రానికి జోడించిన డేటా ఫైళ్లు దొరుకుతాయి. పత్రం చివర డేటా లభ్యత గురించి ఒక వాక్యం ఉందేమో ముందుగా చూడండి. లేకపోతే సంబంధిత రచయితకు ఉత్తరం రాసి, ఫలానా బొమ్మ వెనుక ఉన్న అంకెల పట్టిక కావాలని అడగండి. పైథాన్ వాడేవారికి పివిలిబ్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. అందులో క్వాంటమ్ సామర్థ్యాన్ని ప్రతిస్పందనగా మార్చే ఫంక్షను, ప్రామాణిక సౌర వర్ణపటం, మిస్‌మ్యాచ్ లెక్కించే ఫంక్షను సిద్ధంగా ఉన్నాయి. అందులో నమూనాగా ఇచ్చిన ప్రతిస్పందన వక్రరేఖ సిలికాన్‌ది. దానిని థిన్ ఫిల్మ్‌కు వాడకూడదు.

బొమ్మ నుండి అంకెలు తీయడం

చాలా సందర్భాలలో పట్టిక దొరకదు, బొమ్మే దొరుకుతుంది. వెబ్‌ప్లాట్ డిజిటైజర్ వంటి ఉచిత సాధనంలో బొమ్మను తెరిచి, అక్షాల మీద తెలిసిన నాలుగు బిందువులను గుర్తించి, వక్రరేఖ వెంట బిందువులు తీసుకోవాలి. మధ్యభాగంలో 10 నానోమీటర్లకు ఒకటి చాలు, రెండు అంచుల దగ్గర 5కు ఒకటి తీసుకోవాలి, ఎందుకంటే వక్రరేఖ అక్కడే నిటారుగా పడిపోతుంది. నిలువు అక్షం శాతమా, భిన్నమా, వాట్‌కు ఆంపియర్లా అన్నది ఆ క్షణంలోనే ఫైలులో రాసుకోండి. బిందువుల మధ్య విలువలకు సరళరేఖా పద్ధతినే వాడండి. వంకర తిరిగే స్ప్లైన్ పద్ధతి అంచు దగ్గర రుణ విలువలను పుట్టిస్తుంది.

ఇప్పుడు సరిచూత

ఈ విధానానికి గుండెకాయ ఇదే. ఎ.ఎం. 1.5 (ఎయిర్ మాస్ 1.5, అంటే నిలువు దారికి ఒకటిన్నర రెట్లు వాతావరణాన్ని దాటి వచ్చిన సూర్యకాంతి) ప్రామాణిక వర్ణపటాన్ని దింపుకోండి. ఐఇసి 60904 మూడవ భాగంలోనూ, ఏఎస్‌టిఎం జి173 ప్రమాణంలోనూ ఇది ఉంది. జి173 పట్టికలో 280 నుండి 4,000 నానోమీటర్ల వరకు 2,002 వరుసలు ఉంటాయి. ఆ వర్ణపటంలో నీటి ఆవిరి, ఆక్సిజన్ మింగిన చోట్ల పదునైన గాట్లు ఉంటాయి, మన ప్రతిస్పందన వక్రరేఖ మాత్రం నున్నగా ఉంటుంది. కాబట్టి ప్రతిస్పందనను వర్ణపటపు తరంగదైర్ఘ్యాల మీదికి తీసుకురావాలే తప్ప, వర్ణపటాన్ని మన 10 నానోమీటర్ల అడుగులకు కుదించకూడదు. ప్రతి వరుసలో రెండింటినీ గుణించి, అడుగు వెడల్పుతో మళ్లీ గుణించి, అన్నింటినీ కూడితే చదరపు మీటరుకు ఇన్ని ఆంపియర్లని వస్తుంది. దానిని పదితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు మిల్లీఆంపియర్లు వస్తాయి.

మరోవైపు చీటీ నుండి అదే రాశిని తెప్పించుకోవాలి. లెక్క అర్థం కావడానికి ఊహించిన ఒక కాడ్మియం టెల్యురైడ్ ఫలకాన్ని తీసుకుందాం. దాని క్రియాశీల వైశాల్యం 6,600 చదరపు సెంటీమీటర్లు, వరుసలో 110 సెల్‌లు, సమాంతర వరుస ఒక్కటే, షార్ట్ సర్క్యూట్ కరెంటు 1.56 ఆంపియర్లు అనుకుంటే, ఒక్కో సెల్ వైశాల్యం 60 చదరపు సెంటీమీటర్లు, కరెంటు సాంద్రత 26 మిల్లీఆంపియర్లు. వక్రరేఖ నుండి వచ్చిన అంకె 25కూ 27కూ మధ్య ఉంటే ఆ వక్రరేఖను స్వీకరించవచ్చు. 21 వచ్చిందంటే తరం తప్పు. 30 వచ్చిందంటే అది ఫలకానిది కాదు, ప్రయోగశాల సెల్‌ది. 1.45 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరం గల పదార్థం ఒక్క ఫోటానును కూడా వదలకుండా పట్టుకున్నా సుమారు 30 మిల్లీఆంపియర్లే వస్తాయి, కాబట్టి అంతకు మించిన అంకె వచ్చినప్పుడు లెక్కలో ప్రమాణాలు తారుమారయ్యాయేమో చూడాలి, లేదా సెలీనియం కలిపిన సెల్ అయి ఉండాలి.

దొరికినది సాపేక్ష వక్రరేఖ అయితే ఈ పోలిక పనిచేయదు. అటువంటప్పుడు దానిని పారవేయనక్కరలేదు. మిస్‌మ్యాచ్ గుణకాన్ని లెక్కించే ఐఇసి 60904 ఏడవ భాగపు సూత్రంలో ఫలకపు ప్రతిస్పందన పైనా కిందా రెండుచోట్లా వస్తుంది గనుక మొత్తం కొలమానం దానికదే కొట్టుకుపోతుంది. వక్రరేఖ ఆకారం సరిగ్గా ఉంటే చాలు. ఆ ఆకారాన్ని కంటితో పరీక్షించండి. గాజు ముందున్న ఫలకం 300 నానోమీటర్ల వద్ద ఏమీ ఇవ్వకూడదు. ముగింపు అంచు దాటిన తరువాత వక్రరేఖ సున్నాకు దిగాలి. కాడ్మియం టెల్యురైడ్ వక్రరేఖ 1,000 నానోమీటర్ల వద్ద ఇంకా రెండు మూడు శాతం చూపుతుంటే కొలతలో ఏదో లోపం ఉంది. క్వాంటమ్ సామర్థ్యం ఎక్కడా 1 దాటకూడదు.

రెండు సంధులున్న అమార్ఫస్ సిలికాన్ ఫలకాలకు ఒక్క వక్రరేఖ ఉండదు, పై సెల్‌కు ఒకటి, కింది సెల్‌కు ఒకటి ఉంటాయి. రెండింటినీ విడివిడిగా వర్ణపటంతో కూడి, వాటిలో తక్కువ వచ్చిన కరెంటునే ఫలకపు కరెంటుగా తీసుకోవాలి. రెండు వక్రరేఖలనూ కలిపేసి ఒకటిగా వాడటం పెద్ద తప్పు. అమార్ఫస్ సిలికాన్ ఎండలో మొదటి కొన్ని వారాలలో క్షీణిస్తుందన్న సంగతి 1977 నుండి తెలిసినదే కాబట్టి, కొలిచిన నమూనా ఎండకు స్థిరపడినదా, కొత్తదా అన్నది కూడా పత్రంలో చూసుకోవాలి.

ఓరుగల్లు ఆకాశానికి అన్వయించడం

ఇంత శ్రమ ఎందుకంటే మన ఆకాశం ప్రామాణిక ఆకాశం కాదు. ఎ.ఎం. 1.5 అంటే సూర్యుడు నడినెత్తి నుండి 48.2 డిగ్రీలు వాలి ఉన్న స్థితి. 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరున్న వరంగల్‌లో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదిలో ఏ రోజూ అంత వాలడు. డిసెంబరు చివర్లో కూడా దాదాపు 41 డిగ్రీలే, ఎయిర్ మాస్ 1.33 మాత్రమే. మే రెండవ వారంలోనూ, మళ్లీ జూలై చివరలోనూ సూర్యుడు సరిగ్గా తలమీదికి వస్తాడు. ఇక ప్రామాణిక వర్ణపటంలో నీటి ఆవిరి మొత్తం 1.42 సెంటీమీటర్లు, మృగశిర కార్తె దాటి వానలు నిలదొక్కుకున్నాక మన గాలిలో అది 5 సెంటీమీటర్ల దరిదాపులకు చేరుతుంది. నీటి ఆవిరి ప్రధానంగా 940, 1,130 నానోమీటర్ల వద్ద, ఇంకా ఆపైన ఉన్న పరారుణ కాంతిని మింగుతుంది. 900కు ముందే ముగిసే కాడ్మియం టెల్యురైడ్‌కు ఆ కాంతితో పని లేదు, కాబట్టి పైరనోమీటరు (పడే ఎండ మొత్తాన్ని కొలిచే పరికరం) చూపే మొత్తం వాట్లలో దానికి పనికొచ్చే వాటా వానకాలంలో పెరుగుతుంది. సిఐజిఎస్‌కు ఆ లాభం అంతగా ఉండదు. రోహిణి కార్తెలో దుమ్ము పైకి లేచిన రోజులలో నీలికాంతి తగ్గుతుంది గనుక అమార్ఫస్ సిలికాన్ మీద దెబ్బ ఎక్కువగా పడుతుంది.

థర్మోపైల్ (కాంతిని వేడి ద్వారా కొలిచే) పైరనోమీటరును ప్రమాణంగా తీసుకుని మిస్‌మ్యాచ్ లెక్కించేటప్పుడు దాని ప్రతిస్పందన దాదాపు 2,800 నానోమీటర్ల వరకు సమతలంగా ఉంటుందని గుర్తుంచుకుని, వర్ణపటాన్ని ఆ హద్దు వరకు కూడాలి. ఫలకం 900 దగ్గర ఆగిపోయింది కదా అని అక్కడే కూడికను ఆపితే, నీటి ఆవిరి ప్రభావం మొత్తం లెక్కలో నుండి మాయమవుతుంది.

ఎంత వెతికినా నమ్మదగిన వక్రరేఖ దొరకకపోతే, అంచనా కోసం ఫస్ట్ సోలార్ ఇంజనీర్లు లీ, పంచుల 2016లో ప్రచురించిన సూత్రాన్ని వాడవచ్చు. దానికి వక్రరేఖ అక్కరలేదు, ఎయిర్ మాస్, నీటి ఆవిరి అనే రెండు అంకెలు చాలు. కాడ్మియం టెల్యురైడ్, సిఐజిఎస్, అమార్ఫస్ సిలికాన్‌లకు గుణకాలు పివిలిబ్‌లో ఉన్నాయి. ఎయిర్ మాస్ 1, నీటి ఆవిరి 5 సెంటీమీటర్లు ఇస్తే కాడ్మియం టెల్యురైడ్‌కు గుణకం 1.05కు కొద్దిగా తక్కువగా వస్తుంది. వక్రరేఖతో మీరు చేసిన లెక్క ఇదే పరిస్థితికి దీనికి దగ్గరగా వచ్చిందా అని పోల్చుకోవడానికి కూడా నేను దీనిని వాడతాను. అది కూడా చాలని పరిస్థితి వస్తే కొలిపించడమే మార్గం. గురుగ్రామ్ సమీపంలోని జాతీయ సౌరశక్తి సంస్థను గానీ, ఐఐటి బొంబాయిలో 2010లో ఏర్పడిన జాతీయ ఫోటోవోల్టాయిక్ పరిశోధన, విద్యా కేంద్రాన్ని గానీ సంప్రదించవచ్చు. అడిగేటప్పుడు ఫలకం కొలతలు, సెల్‌ల అమరిక ముందే తెలియజేయండి. లోపల వరుసగా కలిసిపోయిన సెల్‌లలో ఒక్కదానిని వేరుగా కొలవాలంటే మిగతా వాటి మీద అదనపు కాంతి వేయవలసి ఉంటుంది, అన్ని పరికరాలూ పూర్తి సైజు ఫలకాన్ని పట్టవు.

వక్రరేఖ స్థిరపడ్డాక ఫైలు మొదటి వరుసలలో కొన్ని విషయాలు రాసి పెట్టండి: ఏ పత్రంలోని ఏ బొమ్మ నుండి తీశారు, నమూనా సెల్‌దా ఫలకానిదా, కొలిచిన సంవత్సరం, నిలువు అక్షం ప్రమాణం, కొలత ఉష్ణోగ్రత 25 డిగ్రీలా కాదా, కరెంటు సాంద్రత పోలికలో వచ్చిన రెండు అంకెలు. ఉష్ణోగ్రతను ప్రత్యేకంగా రాయమనడానికి కారణం ఉంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం మన డాబా మీది ఫలకం 60 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు శక్తి అంతరం తగ్గి, వక్రరేఖ ఎరుపు అంచు కొద్ది నానోమీటర్లు కుడికి జరుగుతుంది. వచ్చే ఏడాది ఈ ఫైలును తెరిచే విద్యార్థి ఆ సవరణ చేయాలో వద్దో తేల్చుకోవాలంటే, మొదట కొలిచిన ఉష్ణోగ్రత అతనికి తెలిసి ఉండాలి.